షికారు నావకు ఫిరంగి మొలిస్తే

మా ఎ.కొండూరులో సముద్రం చూసినవాళ్లు తక్కువ, నౌకాయుద్ధం తెలిసినవాళ్లు ఎక్కువ. కిడ్నీ జబ్బుతో తండాలు కుదేలై, మంచినీళ్ల ట్యాంకరు కోసం బిందెలు బారులు తీరిన మెట్ట ప్రాంతం మాది. అయినా యుద్ధం మాటొస్తే టీ కొట్టు దగ్గర ఒకాయన తేల్చేస్తాడు: "కోటీశ్వరుల షికారు నావలు లాక్కుని తలా ఒక ఫిరంగి బిగిస్తే సరిపోద్ది కదండీ!"

పాపం, ఈయన ఆలస్యంగా పుట్టాడు. 1898లో స్పెయిన్‌తో యుద్ధమొచ్చినప్పుడు అమెరికా నౌకాదళం సరిగ్గా ఇదే చేసింది. బ్యాంకరు జె.పి. మోర్గాన్ ఆవిరి నావ కోర్సెయిర్‌ను 2,25,000 డాలర్లకు కొని, గ్లోస్టర్ అని పేరు మార్చింది. దేశభక్తికి రసీదు కూడా ఉందన్నమాట! క్యూబాలోని శాంటియాగో దగ్గర అది రెండు స్పెయిన్ డిస్ట్రాయర్ల మీద కలబడింది. ధైర్యమే, కాదనను. ఆ రెంటినీ పక్కనున్న పెద్ద యుద్ధనౌకలు కూడా బాదుతున్నాయన్న ముక్క మాత్రం మన వీరగాథల్లో వినపడదు.

అసలు షికారు నావంటే ఏమిటి? సన్నటి ఒళ్లు, పల్చటి రేకు, నున్నటి టేకు చెక్క డెక్కు. ఫిరంగి పేలితే వెనక్కి తన్నే తాపుకు డెక్కు కింద దన్ను వేయాలి. పైన బరువు పెరిగితే నావ ఊగిసలాడుతుంది. ఆ రోజుల నావల్లో బొగ్గు నింపుకునే గదులూ చిన్నవే. పెళ్లి బండికి నాగలి కట్టి దుక్కి దున్నమంటే ఎలా? 1917 నవంబర్ 5న ఫ్రాన్స్ తీరాన ఆల్సిడో అనే మాజీ షికారు నావ జర్మన్ టార్పెడోకు నిమిషాల్లో మునిగింది. 21 మంది పోయారు. యజమానిగారు అందులో లేరు లెండి.

మన దగ్గరా ఒక ముచ్చట ఉంది. 1891 నాటి ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అనే ప్రయాణికుల ఓడను యుద్ధమొస్తే ఫిరంగులు ఎక్కించే వీలుతోనే కట్టారు. తీరా 1914లో యుద్ధమొచ్చాక గ్వాలియర్ మహారాజు కొని, లాయల్టీ అని పేరు పెట్టి, భారత సైనికుల ఆసుపత్రి చేశాడు. ఫిరంగి కాదు, మంచాలు ఎక్కాయి. తర్వాత దాన్ని కొన్న సింధియా నౌకాయాన కంపెనీయే 1941లో విశాఖలో ఓడల కార్ఖానాకు పునాది వేయించింది. అంతకుముందు, ఆ కంపెనీ చేతుల్లోనే లాయల్టీ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఏటా ఆ తేదీన మనం చేసుకునే జాతీయ నౌకా దినోత్సవం ఆ వ్యాపార ప్రయాణానికి గుర్తుగానే.