మారుతి గుండెతో

నన్ను మొదటిసారి చూసినవాళ్లు ఎఫ్1 కారు అనుకుంటారు. బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు, ఒకే సీటు, కోసుగా ఉన్న ముక్కు, నేలకి ఆనినట్టుండే ఒళ్లు. డ్రైవర్ వీపు వెనక కవరు ఎత్తి చూపించగానే వాళ్ల ముఖాలు మారిపోతాయి. అక్కడున్నది మారుతి 800 ఇంజిన్. మూడు సిలిండర్లు, 796 సీసీ. మీ నాన్నో మేనమామో మొదటిసారి కొన్న కారులో ఉన్న ఇంజినే. దాన్ని బానెట్ కింద నుంచి తీసి వెనకాల పెట్టి, చుట్టూ ఉక్కు గొట్టాల చట్రం కట్టి, పైన ఫైబర్‌గ్లాస్ తొడిగితే నేను. మా జాతి పేరు ఫార్ములా మారుతి. పోటీ కాగితాల్లో ఫిస్మీ అని రాసేవారు. ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజిన్ అన్నమాట.

నేను పుట్టకముందు మన దక్షిణాదిలో కారు రేసంటే మద్రాసు దగ్గరి షోలవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. విదేశాల నుంచి కారు తెప్పించుకోగల మహారాజులు, మిల్లు యజమానులు ఒకవైపు. ఫియట్లు, అంబాసిడర్లు విప్పి తమ చేతుల్తో మళ్లీ బిగించుకున్న ఔత్సాహికులు ఇంకోవైపు. బలమైన కారు ముందుకెళ్లిపోయేది. నడిపినవాడి చెయ్యి ఎలాంటిదో తేలేది కాదు. ఈ లోటు బాగా తెలిసినవాడు కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్. ఆయన కూడా రేసరే, స్తోమత ఉన్నవాడే. తన ఒక్కడి సరదాతో ఆగిపోవచ్చు. ఆగలేదు. బజార్లో దొరికే ఇంజిను, బజార్లో దొరికే గేర్‌బాక్సు పెట్టి, అందరికీ ఒకేలాంటి కారు ఉండాలని 1988లో మమ్మల్ని తయారు చేశాడు. నన్నడిగితే భారతీయ రేసింగ్‌లో జరిగిన అతి పెద్ద మేలు అదే. ఆ తర్వాతి కప్పులూ, ఒప్పందాలూ, విదేశీ జట్లూ అన్నీ దాని వెనకే వచ్చాయి.

1990లో శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ తయారైంది. మలుపులున్న, రేసుల కోసమే వేసిన ట్రాక్. నారాయణ్ కార్తికేయన్ అనే కోయంబత్తూరు కుర్రాడు మా జాతి కారులోనే అక్కడ సాధన చేశాడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఎఫ్1లో దిగి, మన దేశం నుంచి అక్కడికి చేరిన మొదటివాడయ్యాడు. ఆ రోజు చూడటానికి కరివర్ధన్ లేడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. 2003లో కోయంబత్తూరు శివార్లలో చెట్టిపాళయం దగ్గర ప్రారంభమైన ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే. నేను చెప్పబోయే శని ఆదివారాలు అక్కడివే.

ఆ నాటికి నేను చాలా చేతులు మారాను. నన్ను నడిపే కుర్రాడు హైదరాబాద్ వాడు. వారమంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం. జీతంలో ఇంటద్దె పోగా మిగిలిందంతా టైర్లకీ, ఎంట్రీ ఫీజుకీ, నన్ను లారీ ఎక్కించడానికీ పోయేది. అతనికి స్పాన్సర్ లేడు. గెలిస్తే వచ్చేది ఒక కప్పు. ఔత్సాహిక రేసింగ్ అంటే ఇదే. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ డబ్బివ్వరు, అయినా వస్తారు. వీళ్లంటే నాకు గొప్ప గౌరవం.

బెంగళూరు, సేలం మీదుగా టార్పాలిన్ కింద ప్రయాణం చేసి శుక్రవారం దిగాను. మెకానిక్ కోయంబత్తూరు మనిషి. ఇంట్లో తెలుగే. తరాల కిందట అటు వెళ్లి స్థిరపడ్డ కుటుంబాల తెలుగు అది, తమిళపు యాస నిండుగా ఉంటుంది. మా కుర్రాడికి మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం పుట్టింటి మాట.

ఆ రాత్రి ఆయన చేసిన పని మీకు చూపించాలి. నా ముందొకటి, వెనకొకటి ఇనుప స్టాండులు నిలబెట్టి, రెండు పక్కలా చక్రాల మధ్య ఎత్తులో నైలాన్ దారం లాగి కట్టాడు. రెండు దారాలూ నా నడుం గీతకి సమాన దూరంలో ఉన్నాయో లేదో ముందు చూశాడు. తర్వాత స్టీలు స్కేలు తీసుకుని, ప్రతి చక్రం రిమ్ము ముందు అంచు నుంచి దారం దాకా ఎంత, వెనక అంచు నుంచి ఎంత అని కొలిచాడు. ఎడమ ముందు చక్రం మిల్లీమీటరు లోపలికి తిరిగి ఉంది. స్టీరింగ్ రాడ్డు మీది నట్టు సడలించి, పావు చుట్టు తిప్పి, బిగించి, మళ్లీ కొలిచాడు. స్కేలు దారానికి తగిలితే కొలత చెడుతుంది కాబట్టి ఊపిరి బిగబట్టి కొలిచేవాడు. కుర్రాడు టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

“అన్నా, మిల్లీమీటరుకి అంత తేడా వస్తుందా?”

“రేపు బ్రేకు తొక్కి చూడప్పా. బండి నేరుగా నిలిస్తే నన్ను తలుచుకో.”

శనివారం పొద్దున్నే స్క్రూటినీ. నన్ను కాటా మీద నిలబెట్టారు. చట్రం అతుకులు, హెల్మెట్ మీది ముద్ర, నిప్పుని తట్టుకునే సూటు, సీటు బెల్టుల తేదీ, మంటలార్పే సిలిండర్ అన్నీ చూశారు. నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు ఉన్న చోట బయటివాళ్లు లాగితే ఇంజిన్ ఆగిపోవాలి. అదీ లాగి చూశారు. కుర్రాడు సీట్లో కూర్చుంటే హెల్మెట్ తల వెనకున్న ఉక్కు గొట్టపు వంపు కన్నా కిందికి ఉందా అని గమనించారు. కొత్తవాళ్లకి ఇదంతా విసుగు. చక్రాలు బయటికి ఉన్న మాలాంటి కార్లలో ఒకరి ముందు టైరు ఇంకొకరి వెనక టైరుకి తగిలితే, తిరిగే రబ్బరు తిరిగే రబ్బరుని పట్టుకుని వెనక కారు పైకి ఎక్కేస్తుంది. మామూలు కార్లు రాసుకుంటే రంగు పోతుంది, మేం రాసుకుంటే గాల్లోకి లేస్తాం. కాబట్టి ఆ తనిఖీని ఎవరైనా తేలిగ్గా తీసుకుంటే నాకు కోపం.

రేసులో ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో గేరు లింకేజీ పిన్ను ఒకటి వదులైంది. మూడో గేరు పడలేదు. చివరి వరసల్లో నిలబడాల్సి వచ్చింది. అంతకు మించి చెప్పుకోడానికి ఆ రోజు ఏమీ లేదు.

ఆదివారం గాలి లేచింది. కోయంబత్తూరు వాళ్లకి ఆ గాలి బాగా ఎరుకే. పడమటి కనుమల్లో పాలక్కాడ్ దగ్గర పెద్ద ఖాళీ ఉంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో, తమిళులు ఆడి మాసం అనే కాలంలో, అరేబియా వైపు నుంచి వచ్చే గాలంతా ఆ సందులోంచి దూరి ఈ మైదానం మీద పడుతుంది. నాలాంటి తేలికపాటి, బలం తక్కువున్న కారుకి ఎదురుగాలి అంటే ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపినట్టే. కానీ ముందు పోయే కారు ఆ గాలిని చీలుస్తుంది. దాని వెనక దగ్గరగా అంటుకుంటే నాకు దారి తేలికవుతుంది. రెక్కలున్న పెద్ద ఫార్ములా కార్లు ఇలా అంటుకుంటే మలుపులో ముందు చక్రాల పట్టు పోగొట్టుకుంటాయి. నాకు రెక్కలు లేవు కాబట్టి ఆ బాధ లేదు. మా రేసులు చూడముచ్చటగా ఉండేది అందుకే.

ఎర్ర దీపాలు ఆరాయి. మొదటి మలుపులో ముందున్నవాళ్లు ఒకరితో ఒకరు పోటీపడి బ్రేకు ఆలస్యం చేసి వెడల్పుగా జారిపోయారు. మా కుర్రాడు ముందే బ్రేకు తొక్కాడు. నేను గీత గీసినట్టు నేరుగా ఆగాను, శుక్రవారం రాత్రి దారం పుణ్యమా అని. లోపలి నుంచి రెండు కార్లు దాటేశాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బలమున్న కారు మలుపులో పోయిన వేగాన్ని యాక్సిలరేటర్ మీద ఒక్క తొక్కుడుతో తిరిగి తెచ్చుకుంటుంది. నా దగ్గర ఆ బలం లేదు. మలుపులో పోగొట్టుకున్న వేగానికి తర్వాతి స్ట్రెయిట్ పొడవునా వడ్డీ కట్టాలి. అందుకని స్టీరింగ్ తక్కువ తిప్పాలి, బ్రేకు మెల్లగా వదలాలి, ట్రాక్ వెడల్పు అంచు నుంచి అంచు దాకా వాడుకోవాలి. బ్రేకు తొక్కుతూనే అదే పాదం అంచుతో యాక్సిలరేటర్ ఒక్క క్షణం నొక్కి గేరు దించాలి, లేకపోతే వెనక చక్రాలు ఒక్క కుదుపుతో పట్టు తప్పుతాయి. నన్ను నడిపినవాడు పెద్ద కారు ఎక్కితే ఈ అలవాట్లన్నీ వెంట వెళ్తాయి. చిన్న ఇంజిన్ నేర్పినట్టు పెద్ద ఇంజిన్ నేర్పలేదని గట్టిగా అంటాను.

చివరి ల్యాపుకి మేం ఐదో స్థానం కోసం ఒక పసుపు కారు వెనక ఉన్నాం. ఎదురుగాలిలో దాని తోకకి అంటుకున్నాం. నా ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా సన్నబడింది, గాలి ఒత్తిడి తగ్గింది, వేగం పెరిగింది. కుర్రాడు దాని వెనక నుంచి లోపలివైపుకి తీశాడు. పక్కపక్కనే మలుపులోకి వెళ్లాం. ఇద్దరి మధ్య అరచెయ్యంత సందు. పసుపు కారు నడిపే అమ్మాయి మాకు సరిగ్గా ఒక కారు పట్టేంత చోటు వదిలింది. మా వాడు కూడా వెడల్పుకి నెట్టలేదు. లోపలి వరస మాది కాబట్టి మలుపు దాటాక మేమే ముందు తేలాం. జెండా పడింది. మేం ఐదు, ఆమె ఆరు.

రేసయ్యాక కార్లన్నీ నిలిపే పార్క్ ఫెర్మేలో ఆగాక ఇద్దరూ హెల్మెట్లు తీశారు.

“మీరు చోటివ్వకపోతే ఇద్దరం గోడలో ఉండేవాళ్లమండీ,” అన్నాడు మా వాడు.

“వచ్చే రౌండులో మీరివ్వండి,” అందామె. ఆమెది విజయవాడట.

కప్పులు మొదటి ముగ్గురికే. ఆ రాత్రికే నన్ను లారీ ఎక్కించారు, సోమవారం అతనికి ఆఫీసు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. జనం విరగబడి చూశారని విని చాలా సంతోషపడ్డాను. ఆ జనానికి నా విన్నపం ఒకటుంది. అలాంటి పెద్ద పండగ ఎప్పుడో గాని రాదు. ఔత్సాహికుల రేసులు కోయంబత్తూరులో, చెన్నైలో ఏటా జరుగుతూనే ఉంటాయి. ఒక్కసారి వచ్చి కంచె దగ్గర నిలబడి చూడండి. రాత్రిపూట అవుటర్ రింగ్ రోడ్డు మీద పందెం కట్టే తమ్ముళ్లు ముందు రావాలి. ఇక్కడ మలుపు మలుపుకీ జెండా ఉంటుంది, అంబులెన్స్ ఉంటుంది, ఎదురుగా లారీ రాదు. నడపాలని లేకపోతే మార్షల్‌గా రండి. పసుపు జెండా ఎప్పుడు ఊపాలో, నీలం జెండా ఎవరికి చూపాలో వాళ్లే నేర్పుతారు. ఎండలో నిలబడి, ఎవరి కారు జారితే వాళ్ల వైపు పరుగెత్తే ఆ మార్షళ్లు లేకపోతే ఏ రేసూ మొదలవ్వదు. ఈ దేశంలో నాలాంటి కార్లకి డ్రైవర్లు దొరుకుతున్నారు, మార్షళ్లే ఇంకా కావాలి.