డివిజన్ మారింది, బకాయి మాఫీ

నగరంలో డివిజన్ల హద్దులు మార్చినప్పుడల్లా ప్రతిపక్షం ఒకే పాట ఎత్తుకుంటుంది: గెలుపు కోసమే ఈ గీతలని. పాలకపక్షానిది అంతకంటే పాత పాట: ప్రజల సౌకర్యం కోసం, జనాభా ప్రకారం, శాస్త్రీయంగా చేశామని. ఇద్దరి మాటా నమ్మనక్కర్లేదు. సౌకర్యం ఎన్ని రకాలో తెలియాలంటే ఢిల్లీ చూడాలి. 2007లో అక్కడ 134 వార్డులు 272 అయ్యాయి, సౌకర్యం కోసం. 2012లో ఒక్క కార్పొరేషన్ మూడు ముక్కలైంది, అదీ సౌకర్యం కోసమే. 2022లో మూడు ముక్కలూ మళ్లీ అతికాయి, 272 కాస్తా 250కి తగ్గాయి. సౌకర్యం మాత్రం ఎప్పట్లాగే పెరిగిందన్నారు. ఆ ఏడాది మార్చి 9న పోలింగు తేదీలు చెబుతామని విలేకరులను పిలిచిన ఎన్నికల సంఘం, కేంద్రం నుంచి కబురు రావడంతో ప్రకటన వాయిదా వేసింది. తర్వాత పార్లమెంటులో చట్టం, మే 22న విలీనం, జులైలో కమిటీ, అక్టోబరులో కొత్త పటం. ఎండాకాలంలో ముగియాల్సిన ఎన్నిక డిసెంబరు 4న చలిలో జరిగింది.

పోనీ, ఇంత శ్రమపడి గీసినవాళ్లకు గెలుపు దక్కిందా అంటే అదీ లేదు. 2017లో 181 వార్డులు గెలిచిన బీజేపీ 104 దగ్గర ఆగింది, ఆప్ 134 పట్టుకుపోయింది. మన హైదరాబాద్ లెక్క ఇంకా విచిత్రం. 2016లో కొత్త హద్దులతో టీఆర్ఎస్‌కు 150లో 99 వచ్చాయి. 2020లో గీత ఒక్కటీ జరగలేదు, అయినా అదే పార్టీ 56కు పడిపోయింది, బీజేపీ 4 నుంచి 48కి ఎగబాకింది. మజ్లిస్ మాత్రం రెండుసార్లూ 44తో తాపీగా కూర్చుంది. పటాన్ని బట్టి ఓటు పడదని పటాలు గీసేవాళ్లకు మనకంటే బాగా తెలుసు. అయినా గీస్తారు. ఎందుకంటే గెలుపు దక్కినా దక్కకపోయినా, పునర్విభజనతో తప్పకుండా దక్కేవి రెండున్నాయి: కొంత గడువు, బోలెడంత మతిమరుపు.

గడువు సంగతి ఢిల్లీలో చూశాం. మతిమరుపే అసలు సరుకు. ఐదేళ్లుగా పొంగుతున్న డ్రైనేజీకి, వేస్తామని వేయని సీసీ రోడ్డుకు ఒక కార్పొరేటర్ పేరుమీద బకాయి ఉంటుంది. హద్దు జరిగిన మర్నాడు ఆ వీధికి కుడివైపు ఇళ్లు ఒక డివిజన్లోకి, ఎడమవైపు ఇళ్లు మరోదానిలోకి పోతాయి. పాతాయన ‘అది ఇప్పుడు నాది కాదు’ అంటాడు, కొత్తాయన ‘అప్పుడు నాది కాదు’ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు. రాజకీయాల్లో ఇద్దరు ఒకేసారి నిజం చెప్పే అరుదైన సందర్భం ఇదొక్కటే. రిజర్వేషన్ కూడా మారితే పాతాయన పక్క డివిజన్లో కొత్త పెళ్లికొడుకులా దిగుతాడు. పార్టీని చూసి ఓటేసేవాళ్లకు మనిషి మారితే నష్టమేమిటని అడగొచ్చు. పార్టీకి వేయడానికి అసెంబ్లీ ఉంది, లోక్‌సభ ఉంది. వీధి దీపం వెలగకపోతే పేరుపెట్టి నిలదీయడానికే కదా కార్పొరేటర్ అనే మనిషిని పెట్టుకున్నది!

నగరం పెరుగుతుంటే హద్దులు మార్చొద్దా అన్నది గట్టి ప్రశ్నే. మార్చాలి. పడమటి హైదరాబాద్‌లో లేచిన టవర్లు చూసినవారెవరూ పాత డివిజన్లే చాలనరు. కానీ పెరిగిన జనాన్ని ముందు లెక్కపెట్టాలి కదా! 2021 జనగణన జరగనే లేదు. ఢిల్లీ కమిటీ 2022లో వార్డులను సరితూచింది 2011 తలలతో. పదకొండేళ్ల కిందటి కొలతలతో పిల్లాడికి చొక్కా కుట్టి, బిగుతుగా ఉందంటే పిల్లాడిదే తప్పన్నట్టు. 2025 డిసెంబరులో మన దగ్గర 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో కలిపి 150 డివిజన్లను 300 చేస్తూ ముసాయిదా ఇచ్చినప్పుడు ఇంకో ముచ్చట జరిగింది. కొత్త జనగణన కోసం ఆ నెలాఖరుకల్లా దేశమంతా పాలనా సరిహద్దులు ఖరారు కావాలి. అంటే జనాన్ని లెక్కపెట్టేలోపే జనాభా ప్రకారం పంచెయ్యాలని ఉరుకులు. అభ్యంతరాలకు వారం గడువిచ్చారు. ఏ డివిజన్లో ఎంత జనాభా ఉందో, పటం ఎలా ఉందో బయటపెట్టమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, గడువు మరో రెండు రోజులు పొడిగించాల్సీ వచ్చింది. అంకెలు దాచిపెట్టి శాస్త్రీయం అనిపించుకోవడం మామూలు శాస్త్రాలకు చేతకాని పని.

పటాలు గీయడం ఎటూ ఆపరు కాబట్టి, ఖర్చులేని సవరణ ఒకటి చేయొచ్చు. అభ్యర్థి అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు రాయించుకుంటున్నారు. ఇంకొక్క గడి పెట్టండి: పాత డివిజన్లో మీ కింద ఉన్న వీధులు, వాటికి మీరిచ్చిన మాటలు, అవి ఇప్పుడు ఏ డివిజన్లో పడ్డాయో వివరాలు. అభ్యర్థులకు అభ్యంతరాలుంటే వారంలోగా తెలుపుకోవచ్చు. కోర్టుకెళితే మరో రెండు రోజులు.