ఏంగాదు, ఎక్కండి సామీ!

మన పక్క భద్రతకు ఒక సర్టిఫికెట్ ఉంది. దానికి సంతకం వద్దు, స్టాంపు వద్దు, గడువంటూ లేదు. నోటిమాటగా ఇచ్చేస్తారు: ‘ఏంగాదు.’ బ్రేకు పడని ఆటోకూ అదే, కరెంటు తీగ కిందే లేపిన మూడో అంతస్తుకూ అదే, ఎగ్జిబిషన్‌లో కిర్రుకిర్రుమనే జెయింట్ వీల్‌కూ అదే. ‘ఏమన్నా అయితేనో?’ అని అడిగామా, పెళ్లింట్లో తుమ్మినవాణ్ని చూసినట్టు చూస్తారు.

2023 నవంబర్‌లో ఒక ఆదివారం తిరుపతి శిల్పారామంలో రైడ్ మీంచి ఇద్దరు యువతులు కింద పడ్డారు. ఒకామె ప్రాణం పోయింది, ఇంకొకామె తీవ్రంగా గాయపడింది. ఇందులో నవ్వడానికేమీ లేదు. నవ్వొచ్చేదల్లా ఇలాంటివి జరిగిన తర్వాత ఏ ఊళ్లోనైనా ఒకే వరసలో ఆడే నాటకం చూసినప్పుడే.

మొదటి రోజు అందరూ దిగ్భ్రాంతి చెందుతారు. రెండో రోజు ‘సాంకేతిక లోపం’ అనే మాట పుడుతుంది. ఎంత చల్లని మాటో చూడండి! అందులో మనిషన్నవాడే ఉండడు. లోపమే టెండరు వేసింది, లోపమే బోల్టు బిగించింది, ఆదివారం గిరాకీ చూసి ఇంకో నలుగురిని ఎక్కించిందీ లోపమే. మూడో రోజు విచారణకు ఆదేశిస్తారు. నాలుగో రోజు జిల్లాలోని రంగులరాట్నాలన్నీ తనిఖీ చేస్తారు, చెక్క గుర్రాలతో సహా. మన తిరుపతిలో అయితే ఐదో రోజుకు తిరుమలలో ఎవరో వీఐపీ దర్శనం ఉంటుంది, అందరూ కొండెక్కేస్తారు.

కొన్నాళ్లకు అసలు ప్రశ్న వస్తుంది: మళ్లీ తిప్పొచ్చా, తిప్పకూడదా? కాంట్రాక్టరు అప్పు గురించి చెబుతాడు. బయట కంకులు కాల్చే ఆమె తన పొయ్యి గురించి చెబుతుంది, ఆమె మాటలో నిజముంది. ‘శాశ్వతంగా మూసెయ్యాలి’ అని టీకొట్టు దగ్గర బల్ల గుద్దే పెద్దాయన వేసవి సెలవులకు మనవడు రాగానే ‘ఎప్పుడు తెరుస్తారంట?’ అని ఆరా తీస్తాడు. విచారణలో ఏం తేలిందని మాత్రం ఎవరూ అడగరు. ఇక తెరిచేస్తారు. తుప్పు మీద నీలంరంగు, బోల్టు మీద కూడా నీలంరంగే. ఇక అది వదులైనా బిగుతైనా కంటికి ఒకటే. గుమ్మడికాయ పగలగొడతారు. చక్రం కింద నిమ్మకాయ పెట్టి ఒక చుట్టు తిప్పుతారు. అది చితికితే పరీక్ష పాసైనట్టే.

అనంతపురం సంగతి ఎందరికి గుర్తుందో. 2019 మేలో అక్కడి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి పదేళ్ల పాప చనిపోయింది. బోల్టు వదులైందని కింద నిలబడినవాళ్లు చెప్పినా తిప్పేవాడు పట్టించుకోలేదని అప్పుడు పేపర్లు రాశాయి. అంటే మన దేశంలో తనిఖీ వ్యవస్థ లేదనడం అన్యాయం. ఉంది. కేకలు వేస్తుంది. వినిపించుకోవాల్సినవాడు ‘ఏంగాదు’ అంటాడు.

ఇంగ్లండులో ఇలాంటిదే కాస్త ఖరీదైన కథ నడిచింది. ఆల్టన్ టవర్స్‌లోని స్మైలర్ అనే రోలర్ కోస్టర్ 2015 జూన్ 2న, పట్టాల మీద ఆగిపోయిన ఖాళీ బండిని గుద్దింది. పదహారు మంది గాయపడ్డారు, ఇద్దరు అమ్మాయిలకు చెరో కాలు తీసేయాల్సి వచ్చింది. ముందు బండి ఉందని కంప్యూటర్ కనిపెట్టి వెనక బండిని ఆపింది కూడా. ఇంజనీర్లు అది పొరపాటున ఆపిందనుకుని, దాన్ని కాదని, బండిని ముందుకు వదిలారు. ‘ఏంగాదు’ను ఇంగ్లీషులో ఏమంటారో తెలీదుగానీ ఆ మాట అక్కడా ఉందన్నమాట. మనవాడు మనిషి మాట వినలేదు, వాళ్లు మిషను మాట వినలేదు. తేడా ఆ తర్వాత వచ్చింది. రైడ్ తొమ్మిది నెలలు మూతపడింది. ఎవరు ఏ క్షణాన ఏ తప్పు చేశారో జనానికి తెలిసింది. 2016 మార్చిలో తెరిచారు, సెప్టెంబర్‌లో కోర్టు కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఎక్కాలా వద్దా అన్నది ఆ తర్వాత జనం ఇష్టం.

మనకు రూలు పుస్తకం లేదా అంటే, అదీ ఉంది. ఇలాంటి రైడ్‌ల భద్రత కోసమే భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15475 అని ఒకటి అచ్చేసింది. ఆ నంబరు వినగానే లాటరీ టికెట్టు అనుకోకుండా ఉండే రైడ్ ఆపరేటర్ ఎవరైనా ఉంటే నా తరఫున ఒక లడ్డూ. ఆ పుస్తకం ఉండగానే 2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక రైడ్ గాల్లో ఇరుక్కుని, జనం దాదాపు అరగంట తలకిందులుగా వేలాడారు. అదృష్టవశాత్తు అందరూ క్షేమంగా దిగారు. మన పాలన అర్థమయ్యే కోణం ఆ అరగంటలో వాళ్లకు దొరికే ఉంటుంది.

అట్లాగని ప్రమాదముండే ప్రతిదాన్నీ మూసెయ్యమనడం లేదు. మూసెయ్యాలంటే ముందు మన తిరుమల ఘాట్ రోడ్డు మూసెయ్యాలి. 1944 నుంచి ఈ ఊరికి అసలు రోలర్ కోస్టర్ అదే. చేతిలో నిమ్మకాయ, ఒళ్లో ప్లాస్టిక్ కవరు, నోట్లో గోవిందనామం. అయినా అది రోజూ నడుస్తోంది. ఎందుకు? కొండెక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని లెక్క కట్టి, చీటీ మీద టైము వేసి, అంతకన్నా ముందే గేటుకొస్తే నిలదీసే పద్ధతి పెట్టారు కాబట్టి. అలిపిరిలో బ్యాగు అడుగున, లుంగీ మడతలో దాచిన బీడీకట్టను కూడా పట్టుకునే ఊరు మనది. అంత నిఘా ఉన్న ఊళ్లో బోల్టు ఒక్కటే చెకింగ్ లేకుండా తప్పించుకుంటుందంటే, అది కచ్చితంగా సిఫారసు లెటరు మీద వచ్చి ఉండాలి.

మొన్న సెలవుల్లో మా మనవరాలిని ఒక ఎగ్జిబిషన్‌కు తీసుకుపోయాను. టికెట్టు వెనక్కి తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ‘ప్రమాదములకు యాజమాన్యము బాధ్యత వహించదు.’ ఒక్క అచ్చుతప్పు లేదు. తొట్టికి అడ్డం వేసే రాడ్డు కొక్కెం విరిగినట్టుంది, దాని బదులు నైలాను తాడు, మూడు ముళ్లు. రాడ్డు వేస్తున్న కుర్రాడికి పద్దెనిమిదేళ్లుంటాయేమో.

“ఈ బోల్టులవీ ఎవరు చూస్తారు నాయనా?”

“నేనే సామీ.”

“ఎప్పుడు?”

“టికెట్లు అయిపోయినాంక.” నా మొహం చూసి పాపం అనిపించిందేమో, తాడును ఒకసారి గుంజి చూపించాడు. “ఏంగాదు, ఎక్కండి సామీ.”

మనవరాలు నా చెయ్యి వదలలేదు. టికెట్టు వాపసు తీసుకోరట.