నా పేరు ఇరవై ఒకటి

నా పేరులోనే ఒక పొరపాటు ఉంది. మనిషి కణంలోని 46 క్రోమోజోములను జంటలుగా పేర్చి, ఆడా మగా తేల్చే జంటను పక్కన పెట్టి, మిగతా 22 జంటలకూ పొడుగును బట్టి పెద్దవాడి నుంచి చిన్నవాడి దాకా నంబర్లు వేశారు. తర్వాత ఇంకాస్త నిశితంగా చూస్తే ఇరవై రెండోవాడికన్నా నేనే పొట్టి అని తేలింది. అప్పటికే డౌన్ సిండ్రోమ్‌తో నా నంబరు ముడిపడిపోయింది కాబట్టి దిద్దకుండా వదిలేశారు. పేరు ఎలా ఉన్నా నాకు చింత లేదు. పొట్టితనాన్ని మాత్రం వదులుకోను, నా మీద మోపిన నేరానికి జవాబు అందులోనే ఉంది మరి.

క్రోమోజోము ఒకటి ఎక్కువై పుట్టిన పిల్లల్లో తరచుగా కనిపించేది నా మూడో ప్రతే. అందుకని అందరిలోకీ తప్పుడువాణ్ణి నేనే అనుకుంటారు. నా మూడో ప్రతితో పుట్టే డౌన్ సిండ్రోమ్ పిల్లల పోలికలను 1866లోనే జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లండు వైద్యుడు వర్ణించాడు. కారణం దొరకడానికి మరో తొంభై ఏళ్లకు పైగా పట్టింది. 1956లో టియో, లెవాన్ సరిగ్గా లెక్కపెట్టేదాకా మనిషికి 48 క్రోమోజోములనే నమ్మేవారు. మొత్తమెంతో తెలియనివాళ్లకు ఒకటి ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? 1959లో పారిస్‌లో లెజూన్, మార్త్ గోతియే, త్యుర్పాన్ ఆ పిల్లల కణాల్లో 47 ఉన్నాయని ప్రకటించారు. కణాలను పెంచి స్లైడు మీదికి తెచ్చింది గోతియే. పేరు మాత్రం చాలాకాలం లెజూన్‌దే మోగింది.

ఇప్పుడు నా వాదన వినండి. అండం గానీ శుక్రకణం గానీ తయారయ్యేటప్పుడు ప్రతి జంటా విడిపోయి చెరో వైపుకూ ఒక్కొక్కరే వెళ్లాలి. ఒక్కోసారి విడిపోకుండా ఇద్దరూ ఒకే వైపుకు పోతారు. ఈ పొరపాటు నా ఒక్కడి సొత్తు కాదు. తొలి నెలల్లో పోయిన గర్భాలను పరీక్షిస్తే సుమారు సగం వాటిలో క్రోమోజోముల తేడా కనిపిస్తుంది. అక్కడ ఎక్కువసార్లు మూడుగా దొరికేది నేను కాదు, పదహారోవాడు. అన్ని కణాల్లోనూ వాడు మూడుగా ఉన్న బిడ్డ ఉయ్యాల దాకా రాదు, కాబట్టి వాడి పేరు ఎవరూ ఎత్తరు. 2000లో నన్ను పూర్తిగా చదివినప్పుడు నా మీద లెక్కకు వచ్చిన జన్యువులు 225. ఒకటో క్రోమోజోము మీద ప్రోటీన్లు చేయించేవే రెండు వేల దాకా ఉంటాయి. నా బరువు తక్కువ కాబట్టే అదనంగా నేనున్నా బిడ్డ బతికి బట్టకడుతుంది. జన్యువులు తక్కువగా ఉన్న పదమూడు, పద్దెనిమిదోవాళ్ల మూడో ప్రతితో కూడా కొందరు పుడతారు గానీ, ఎక్కువమంది ఏడాది నిండకుండానే పోతారు. నేను ఎక్కువగా కనిపించడానికి కారణం నా తప్పులు ఎక్కువ కావడం కాదు, వాటిని తట్టుకుని పిల్లలు పుట్టడం.

అలాగైతే నీ వల్ల హాని లేదా అని అడగవచ్చు. ఉంది. సుమారు సగంమంది పిల్లలకు పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్‌కు మూలమైన జన్యువు నా మీదే ఉంది కాబట్టి వీళ్లకు ఆ జబ్బు చిన్న వయసులోనే ముంచుకొస్తుంది. అయితే మూడో ప్రతిలో ఉన్నవీ మిగతా రెండింటిలో ఉన్నటువంటి జన్యువులే. చెడ్డ ఉప్పు కాదు, కూరలో ఎక్కువ పడిన ఉప్పు.

ఇక తల్లిని నిలదీసేవాళ్లున్నారు. గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, ఏదో తినకూడనిది తిన్నదనో అంటారు. పది కేసుల్లో తొమ్మిదింట ఈ పొరపాటు జరిగేది అండంలో, అదీ బిడ్డ కడుపున పడకముందే. ఆ అండం విభజన మొదలైంది తల్లి తన తల్లి కడుపులో ఉన్నప్పుడు. అక్కడ ఆగి, ఏళ్ల తర్వాత మళ్లీ సాగుతుంది. అన్నేళ్లూ జంటను పట్టి ఉంచిన బంధం సడలడం వల్లే వయసుతో పాటు ప్రమాదం పెరుగుతుంది: ఇరవై ఏళ్లకు వెయ్యికి పైగా కాన్పుల్లో ఒకటి, నలభైకి సుమారు వందలో ఒకటి. కడుపుతో ఉన్నప్పటి గ్రహణం వెనక్కి నడిచి ఆ బంధాన్ని తెంపలేదు కదా! మేనరికం వల్లే అనే మాట కూడా మన ఇళ్లలో వినిపిస్తుంది. మేనరికంలో పెరిగే ప్రమాదం వేరు: ఒకే లోపమున్న జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి కలవడం. నా జంట విడిపోకపోవడానికి చుట్టరికంతో పని లేదు.

వంశంతో నిజంగా పనిపడే అవకాశం ఉన్నది నూటికి మూడు నాలుగు కేసుల్లో. అక్కడ నేను విడిగా ఉండను, పద్నాలుగోవాడికో మరొకడికో అతుక్కుని ఉంటాను. తల్లిదండ్రుల్లో ఒకరు ఆ అతుకును మోస్తూ, లెక్కకు 45 క్రోమోజోములతోనే నిక్షేపంగా ఉండవచ్చు. బిడ్డ ముఖం చూసి డౌన్ సిండ్రోమ్ అని డాక్టరు పోల్చగలడు గానీ నేను విడిగా ఉన్నానో అతుక్కుని ఉన్నానో చెప్పలేడు. అది క్రోమోజోములను జంటలుగా పేర్చి చూసే కారియోటైప్ పరీక్షలోనే బయటపడుతుంది. తర్వాతి కాన్పు గురించి ఆ దంపతులకు చెప్పాల్సిన జవాబు ఆ కాగితాన్ని బట్టే మారుతుంది.