చెట్టుకు కట్టేసిన కన్ను

కాగితాల్లో నా పేరు కెమెరా ట్రాప్. హుస్నాబాద్ గుట్టల్లో మేకలు కాసే పిల్లలకు మాత్రం నేను ఫోటో డబ్బాను. రెండు అరచేతుల్లో ఇమిడేంత ఉంటాను. ఒంటికి ఆకుల రంగు, కడుపులో ఎనిమిది పెన్సిల్ సెల్లులు, గోరంత మెమరీ కార్డు.

నాకు నిద్ర ఎక్కువ. ఒంట్లో వేడి ఉన్న ప్రాణి ఎదుట కదిలితేనే మేలుకుంటాను, ఫోటో తీస్తాను, మళ్లీ పడుకుంటాను. ఎండాకాలం మధ్యాహ్నం బండలూ జంతువులూ ఒకే తీరున కాగుతుంటాయి కాబట్టి ముందు నుంచి కుందేలు పోయినా నాకు తెలియకపోవచ్చు. మా ముందుతరం వాళ్లకు ఈ సుఖం లేదు. 1920లలో ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తరాది అడవుల్లో దారికి అడ్డంగా తీగ కట్టేవాడు. పులి కాలు తగిలితే ఫ్లాష్ భగ్గుమనేది.

చిరుత తిరుగుతోందన్న మాట పుడితే అటవీశాఖ వాళ్లు నన్ను మహాసముద్రం గండి వైపు ఒక తునికి చెట్టుకు మోకాలెత్తున కట్టారు. దారికి అవతల నా జతను కట్టారు. చిరుతకు మచ్చలు ఒక పక్క ఉన్నట్టు ఇంకో పక్క ఉండవు. రెండు పక్కలా ఫోటో పడితేనే ఇది ఫలానా చిరుత అని తేలుతుంది. 2016లో హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి మారింది. అడవిపందులకు ఆ సంగతి పట్టలేదు, పాత దారుల్లోనే వచ్చి పోతున్నాయి. చిరుత మాత్రం నా కార్డులోకి రాలేదు.

ఎక్కువగా వచ్చింది మనుషులే. వేసవిలో తునికాకు కోసేవాళ్లు, వానలు వెనకబడ్డాక సీతాఫలాలకు పోయేవాళ్లు, బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు పూలు కోసే ఆడపిల్లలు. ఒక్కో రాత్రి తలకు లైటు కట్టుకుని, చేతిలో తీగ చుట్టలతో ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లు. కరెంటు తీగ పరిచి పందిని పట్టేవాళ్లన్న మాట.

నేను రాత్రి వాడే వెలుతురు మనిషి కంటికి ఆనదనుకుంటారు. పాత రకం వాటిలో సన్నని ఎర్ర మిణుకు కనిపిస్తుంది. నాదీ అదే రకం. అది చూసి వాళ్లు ఆగారు.

"అరె, గిది సర్కారుదిరా. ముట్టుకుంటే కేసైతది."

"ముట్టుకోకపోతే మన బొమ్మ వాళ్లకాడికి పోతది గదా!"

రెండోవాడి మాటే నెగ్గింది. నా అద్దం మీద బండరాయి పడింది. నా జతను పట్టీతో సహా కోసుకుపోయారు. ఆ డబ్బా ఇప్పటికీ దొరకలేదు.

ఆ తర్వాత నాకు ఇనుప పెట్టె తొడిగి, తీగతాళం వేశారు. పాస్‌వర్డ్ పెట్టారు. అది లేకుంటే నేను తెరుచుకోను, ఎత్తుకుపోయినా లాభం లేదు. అయితే ఆ సంగతి దొంగకు ఎత్తుకుపోయాకే తెలుస్తుంది! తాళానికి కట్టర్ ఉంది, పెట్టెకు బండరాయి ఉంది. సిమ్ ఉన్న రకమైతే ఫోటో అప్పటికప్పుడే ఫోనుకు పోతుంది, దొంగ మొహం ఆఫీసుకు చేరుతుంది. గండిలో సిగ్నల్ ఉండాలి మరి. వీటన్నిటికన్నా తేలికైన ఉపాయం ఎత్తు. రెండు నిలువుల ఎత్తున కట్టి ముఖం కిందికి వంచితే చాలు, దారిన పోయే మనిషి తల ఎత్తడు. కానీ పైనుంచి వీపే పడుతుంది, పక్క మచ్చలు సరిగా పడవు. చిరుతను లెక్కపెట్టాలంటే మోకాలెత్తునే ఉండాలి, మోకాలెత్తున ఉంటే దొంగ చేతికి అందుతాను.

అసలు సంగతి తాళాల్లో లేదని నాకు ఒక అవ్వ వల్ల తెలిసింది. కట్టెల కోసం వచ్చి నన్ను చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. తువ్వాల తీసి నా ముఖానికి కట్టి పొదల్లోకి పోయింది. తిరిగొచ్చి విప్పుకుంది. వెనక వచ్చిన కోడలితో, "మనం గింత దూరం వచ్చేదే నలుగురు చూడొద్దని. మళ్ల గీ డబ్బ ఏంది బిడ్డా?" అంది.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యంలో జరిగిన సంగతిని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2024లో ప్రచురించారు. అక్కడ బహిర్భూమికి వెళ్లిన ఒక మహిళ ఫోటో నాలాంటి కెమెరాలో పడింది, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఊరివాళ్లు దొరికిన కెమెరాలన్నీ పగలగొట్టి తగలబెట్టారు. అడవిలో పాటలు పాడుకుంటూ పోయే ఆడవాళ్లు కెమెరాలు వచ్చాక గొంతు తగ్గించారనీ అందులో ఉంది. జంతువు దగ్గర్లో ఉంటే ఆ పాట విని తప్పుకునేది. అంటే గొంతు తగ్గితే మనిషికే ముప్పు.

నా తరఫున వాదించడానికి లెక్కలు లేకపోలేదు. 2018 పులుల గణనకు దేశంలో 26,838 చోట్ల నా వాళ్లను కట్టారు. 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు తీశారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. అందులో పులులున్నవి 76,651. అయినా తీయకూడని ఒక్క ఫోటో చాలు, ఊరంతా నా మీదికి రావడానికి. దొంగ ఒక డబ్బాను ఎత్తుకుపోతాడు, నమ్మకం చెడిన ఊరు ఒక్కదాన్నీ మిగల్చదు.

మా బీట్ ఆఫీసర్‌కు ఇది అర్థమైనట్టుంది. నన్ను కట్టెల దారి నుంచి తీసి, జంతువులు నీళ్లు తాగే గుంట దగ్గర కట్టాడు. పెట్టె మీద తెలుగులో కాగితం అంటించాడు: ఇది జంతువుల కోసం, మనుషుల ఫోటో పడితే తీసేస్తాం. ఆ మాట పంచాయతీ ముందూ చెప్పాడు. తీసేస్తున్నాడో లేదో చూసే వీలు నాకు లేదు, మీకుంది. మీ గుట్టల్లో నాలాంటి డబ్బా కనిపిస్తే రాయి ఎత్తకండి. బీట్ ఆఫీసర్‌ను పిలవండి, ఇక్కడెందుకు కట్టారని అడగండి, కార్డులో ఏముందో మీ ఎదుటే తెరిచి చూపించమనండి.