బాయిలర్ భాష్యం

మూలం: మాస్టర్, రెండు టీ! ఒకటి స్ట్రాంగు, ఒకటి చక్కెర లేకుండా.

అవతారిక: తిరుత్తణిలో కొండమీద సుబ్రహ్మణ్యస్వామిని సేవించి, 365 మెట్లూ దిగి, గుండుకి రాసుకున్న చందనం ఇంకా ఆరని భక్తుడొకడు, బావమరిదిని వెంటబెట్టుకుని టీ కొట్టు ముందు నిలబడి పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం: మాస్టర్ = ఓ టీ కలిపేవాడా! బడిపంతులు అనే అర్థం ఇక్కడ పొసగదు. సెప్టెంబరు 5న దేశమంతా గురుపూజ చేసుకునేది ఈ ఊళ్లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరిటే అయినా, తిరుత్తణి వీధిలో మాస్టరంటే టీ మాస్టరే. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానిని పిలవకపోవడం గమనార్హం. రెండు టీ = రెండు గ్లాసుల తేనీరు. ఇంతవరకూ వాక్యం తెలుగా తమిళమా అంటే రెండూ. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని చిత్తూరు జిల్లానుంచి తీసి మద్రాసు రాష్ట్రంలో కలిపారు గానీ, ఈ పూర్వార్ధాన్ని మాత్రం ఎవరూ పంచలేకపోయారు. స్ట్రాంగు = డికాషను మెండుగా. చక్కెర లేకుండా = స్పష్టం. పలికినవాడు కొండమీద చక్కెర పొంగలి రెండు దొన్నెలు తిన్నాడన్నది అప్రస్తుతం.

శంక: బాయిలర్ లేనిదే టీ లేదు. మూలంలో దాని ఊసే లేదేం?

సమాధానం: గుడి ముందు నిలబడి దేవుణ్ణి చూపించి చెప్పాలా? రాగి పీపా. మధ్యలో నిలువునా గొట్టం, అందులో కణకణలాడే బొగ్గులు, చుట్టూ నీళ్లు, కింద కుళాయి. పొట్టమీద మూడు విభూతి రేఖలు, నడుమ కుంకుమ బొట్టు, మెడకు మూరెడు పూలు. నెత్తిన పాలగిన్నె. పక్కనే ఎన్నాళ్లనుంచి ఉడుకుతోందో చెప్పలేని రంగులో డికాషను గుడ్డ. మాస్టరు కుళాయి తిప్పి వేణ్నీళ్లతో గ్లాసు తొలిచి, డికాషను పోసి, పాలు కలిపి, చెవి ఎత్తునుంచి మగ్గులోకి ధార విడుస్తాడు. మూడో ధారకు నురగ అంచుదాకా వచ్చి ఆగుతుంది.

ఈ బాయిలరే సమోవార్ అని మా సిద్ధాంతం. విశాలాంధ్ర దుకాణంలో సోవియట్ పుస్తకాలు కొనుక్కుని, ప్రతి కథలోనూ సమోవార్ బుసకొడుతుంటే అదేమిటో తెలియక పేజీ తిప్పేసినవాళ్లు ఇక్కడికొచ్చి చూడవచ్చు. 1778లో లిసీత్సిన్ సోదరులు తూలా పట్నంలో చేసిన వాటిలోనూ నడుమ నిప్పు గొట్టం, చుట్టూ నీళ్లు, కింద కుళాయే. నెత్తిన పాలగిన్నెకు బదులు చిన్న కూజా, అందులో జవార్కా అనే చిక్కటి డికాషను. అది కొంచెం పోసుకుని కుళాయి నీళ్లతో పలచన చేసుకుంటారు. మలయాళీ టీ కొట్లవాళ్లు దాన్ని సమోవర్ అనే అంటారు. మనకే ఇంగ్లీషు పేరు మీద మోజు.

శంక: తిరుత్తణికీ రష్యాకీ ఏం సంబంధం?

సమాధానం: పైన చెప్పిన రాధాకృష్ణన్ గారే. 1948లో ఆయన గీతా వ్యాఖ్యానం అచ్చయింది, మరుసటి ఏడే మాస్కోకు రాయబారిగా వెళ్లి 1952 దాకా ఉన్నారు. భాష్యానికీ సమోవార్‌కీ ఇంతకంటే దగ్గరి చుట్టరికం మేం చూపలేం.

భేదం లేకపోలేదు. వాళ్లది ఇంట్లో బల్లమీద ఉంటుంది. చక్కెర గడ్డ పంటికింద పెట్టుకుని, టీ సాసర్లో పోసుకుని, పాల ఊసు లేకుండా చెమటలు పట్టేదాకా తాగుతారు. మనది వీధిలో ఉంటుంది. అరక్కోణం లోకల్ వచ్చేలోగా నిలబడి తాగాలి. మా ఓటు వీధికే. ఇంట్లో సమోవార్ చుట్టూ చుట్టాలే చేరతారు, ఇక్కడ మొహం తెలియనివాడు మన గ్లాసు మనకందిస్తాడు. గ్యాసు పెట్టిన బాయిలర్లను మేం ప్రమాణంగా అంగీకరించం. రష్యాలో కరెంటు సమోవార్లు వచ్చాయి గదా అంటే, వాళ్ల పాపం వాళ్లది.

తిరువళ్లూరు పాఠం: అమావాస్యనాడు వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం కరిగించి వచ్చినవాళ్లు ‘చక్కెర తక్కువ’ అని చదువుతారు. ఆ కోనేరు పేరు హృత్తాపనాశిని. తిరుత్తణి సూరపద్ముణ్ణి చంపిన స్వామి కోపం చల్లారిన చోటు. తాపం తీర్చే రెండు క్షేత్రాల్లోనూ మే నెల మిట్టమధ్యాహ్నం వేడివేడి టీ ఏమిటంటే, ఉష్ణం ఉష్ణేన శామ్యతి అన్నారు పెద్దలు.

ఇక అసలు చిక్కు ఉత్తరార్ధంలో ఉంది. స్ట్రాంగు ఒక గ్లాసు, చక్కెర లేనిది వేరొక గ్లాసు అని ద్వైతులు. రెండు విశేషణాలూ ఒకే గ్లాసువి, రెండోది మామూలు టీ అని అద్వైతులు. మాస్టరు ద్వైతి. తనది చక్కెర లేని స్ట్రాంగని బావమరిది వాదం మొదలుపెట్టేలోగా ఆ గ్లాసులో రెండు చెంచాలు పడ్డాయి.