నిమిషానికి ఎన్ని యేసులు?

అమెరికాలో నాష్‌విల్ నగరం కంట్రీ పాటలకు రాజధాని. క్రైస్తవ పాప్ పాటల ఫ్యాక్టరీ కూడా అక్కడే. 2000 సంవత్సరం అటూఇటూ, బ్రిట్నీ స్పియర్స్ పేరు చెబితే పిల్లలు పూనకం వచ్చినట్టు ఊగుతున్న రోజుల్లో, అక్కడి కంపెనీలకు ఆ పిల్లల ఆత్మల మీద ఎక్కడలేని బెంగ పట్టుకుంది. చూస్తుండగానే ప్లస్ వన్ అని అబ్బాయిలు, జోయీగర్ల్ అని అమ్మాయిలు, జంప్5 అని ఐదుగురు పిల్లలు వేదికెక్కేశారు. అవే గంతులు, అదే తరహా జుట్టు, అదే డ్రమ్ మెషీన్. బొడ్డు మాత్రం కనబడదు. రక్షణ అంటే అదే కాబోలు!

క్రైస్తవ పుస్తకాల షాపుల్లో ఓ చార్టు ఉండేది. ఒకపక్క లోకసంబంధమైన గాయకుల పేర్లు, ఎదురుగా విశ్వాసుల పేర్లు. మీవాడికి ఫలానా బ్యాండ్ నచ్చిందా, అయితే దీన్ని వినిపించండి అని సలహా. మందుల షాపువాడు "ఆ కంపెనీది లేదండీ, ఇదీ అదే" అంటూ ఇంకో మాత్రల అట్ట చేతిలో పెట్టినట్టన్నమాట. పెద్దవాళ్లు నమ్మి తెచ్చేవారు. పిల్లలకు రుచి తెలియకపోతేగా!

ఈ వ్యాపారంలో కిటుకు ఒకటుంది. వినేది పిల్లలే అయినా డబ్బిచ్చేది అమ్మ. కాబట్టి అమ్మ భయమే పెట్టుబడి. జోయీగర్ల్ పాటలు తెచ్చిన స్పారో రికార్డ్స్‌ను ఈఎంఐ అనే పెద్ద రికార్డుల కంపెనీ 1992లోనే కొనేసింది. స్పైస్ గర్ల్స్ పాటలు అమ్మిన వర్జిన్ కూడా అప్పట్లో ఈఎంఐదే, అదీ అదే ఏడాది బేరం. విషమూ, విరుగుడూ ఒకే గోడౌన్‌లోంచి వచ్చేవి. లాభం ఎటుపోయినా ఇంట్లోకే.

పాట రాయడం మాత్రం కత్తిమీద సామే. ప్రభువు పేరు ఎక్కువైతే మామూలు రేడియో వేయదు, తక్కువైతే సంఘం ఊరుకోదు. "నిమిషానికి ఎన్ని యేసులు?" అని ఆ రంగంలోవాళ్లే జోకు వేసుకునేవారు. చివరికి పేరు తీసేసి "నువ్వు" అనేశారు. ఆ నువ్వు పరలోకంలో ఉన్నాడో, పక్క క్లాసులో ఉన్నాడో వినేవాళ్ల ఇష్టం. మన క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ని ప్రియుడిగా పాడాడంటే తెగించి, పేరు పెట్టి పిలిచి పాడాడు. వీళ్లకు భక్తీ కావాలి, శృంగారమూ కావాలి, రెండింటిలో దేనికీ సంతకం పెట్టరు.

కేటీ హడ్సన్ అనే అమ్మాయి 2001లో ఓ క్రైస్తవ ఆల్బమ్ చేసింది. అది అమ్ముడుపోలేదు, కంపెనీ మూతపడింది. 2008లో ఆమే కేటీ పెర్రీగా, ఓ అమ్మాయిని ముద్దు పెట్టుకున్న పాటతో అమెరికాలో మొదటి స్థానంలో కూర్చుంది. చార్టులో దారి రెండువైపులా ఉంటుందని చార్టు వేసినవాళ్లకు తట్టలేదు.

ఇంతకీ నా తగాదా గంతులతో కాదు, పిల్లలు గెంతనీ. తగాదా ఆ "పాజిటివ్" ముద్రతో. కే-లవ్ అనే క్రైస్తవ రేడియో నెట్‌వర్క్ నినాదమే "పాజిటివ్, ఎంకరేజింగ్". ఆ కొలబద్దతో బైబిల్‌నే ఆడిషన్‌కు పిలిస్తే ఎవరు గట్టెక్కుతారు? యోబు తాను పుట్టిన దినాన్నే శపించుకున్నాడు, కాబట్టి వద్దు. ప్రసంగి అంతా వ్యర్థమన్నాడు, శ్రోతలు జారిపోతారు. పరమగీతమా? అమ్మో, చిన్నపిల్లలు వింటారు! దావీదు కీర్తనల్లో సగం "నన్నెందుకు వదిలేశావు" అన్న ఏడుపే, కాస్త కోరస్ మార్చుకుని రమ్మంటారు.

పద్నాలుగేళ్ల పిల్లకు రాత్రిపూట నిజంగా దిగులు కమ్మితే "నవ్వు, అంతా మంచికే" అనే పాట ఎందుకూ పనికిరాదు. అలాంటప్పుడు, అమ్మలారా, సీడీ ఆపేసి ఇంట్లో ఉన్న బైబిల్లో 88వ కీర్తన తీసి ఇవ్వండి. మొదటినుంచి చివరిదాకా చీకటే, ఆఖరికి కూడా ఓదార్పు ఉండదు. అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు.